పాలపొడి డబ్బాలోని దేవుళ్ళు

బాబా పోయారని చెప్పడానికి ఆయన చిన్న కూతురు ఈ చలికాలం చివర్లో కువైట్‌లో మా మహబూలా ఫ్లాటుకు వచ్చింది. లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కి వచ్చింది. వెనకాలే డ్రైవరు రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. నేను వాళ్ళింట్లో పనికి చేరినప్పుడు ఈమె బడికి పోయే పిల్ల. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. "నాన్న పుస్తకాలు. చదివిపెట్టిన అమ్మాయికే ఇవ్వమని చివరిదాకా చెప్తూనే ఉన్నారు," అంది ఇంగ్లీషులో. కూర్చోమంటే ఆరు మంచాలున్న మా గదిని ఒకసారి కలియజూసి, పర్వాలేదంది. వాళ్ళింట్లో నేర్చుకున్న అరబ్బీలోనే నాలుగు ఓదార్పు మాటలు చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆమె మెట్లు దిగిపోయాక పక్క మంచం సరస్వతి అడిగింది, "ఎవురక్కా సచ్చిపోయింది, మీవోళ్ళా?" అని. పాత కఫీల్ అన్నాను, ఒకప్పుడు నాకు వీసా ఇచ్చిన యజమాని. "మంచోడేనా?" అంది. మంచోడే అన్నాను. అది అబద్ధం కాదు. నన్ను ఇన్నేళ్ళుగా కోస్తున్నది కూడా అదే.

అర్దియాలో ఆ ఇంటికి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. కడపలో కన్యాస్త్రీల హాస్టల్లో ఉండి ఇంగ్లీషులో చదువుకున్నాను. నాన్న పోవడంతో చదువు ఆగింది, ఏజెంటు పాస్‌పోర్టు చేయించాడు, ఇంటిపని వీసా మీద ఎక్కించాడు. ఆ ఇంట్లో నాకంటే ముందు నుంచి వంట చేస్తున్నది సుబ్బమ్మక్క. రాయచోటి పక్క పల్లె ఆమెది, నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. తెల్లవారగానే ముంగిట్లో పేరుకున్న ఇసుకదుమ్ము కడగడంతో మా రోజు మొదలయ్యేది. ఎంత కడిగినా మర్నాటికి అంతే దుమ్ము. వంటింట్లో ఎప్పుడూ ఎండు నిమ్మకాయల పులుపూ యాలకుల ఘాటూ కలిసిన వాసన, హాల్లో బుఖూర్ ధూపం పొగ. మామా, అంటే ఇంటావిడ, మమ్మల్ని చేత్తో కొట్టేది కాదు, తిట్టడం కూడా తక్కువే. వాసన చూసేది. పనిలో ఉండగా వెనకనుంచి వచ్చి, మెడ దగ్గర ముక్కుపెట్టి, గాలి లోపలికి పీల్చి, ఏమీ అనకుండా స్నానాలగది వైపు వేలు చూపించేది. కొబ్బరినూనె రాసుకున్నందుకు సుబ్బమ్మక్కను ఒకే పొద్దుటిపూట మూడుసార్లు తలంటుకోమంది. నాలుగోసారి కూడా వాసన చూసింది. తడిజుట్టుతోనే అక్క చేపలు తోమింది. "వాసనొచ్చేది నాకు కాదు మే, ఆయమ్మ ముక్కుకే ఏదో వచ్చినట్టుండాది," అని నవ్వింది. ఆ నవ్వు మీద ఆధారపడే నేను అక్కడ మొదటి సంవత్సరం బతికాను.

బాబా, అంటే ఇంటాయన, చరిత్ర పాఠాలు చెప్పి విరమించిన మనిషి. చక్కెర జబ్బు ఆయన చూపును తినేసింది. గోడ నిండా పుస్తకాలుండి ఒక్క అక్షరం కనిపించని బాధతో, ఇంగ్లీషు చదవగల పనిపిల్ల కావాలని ఏజెంటుకు పట్టుబట్టి చెప్పించారట. అలా రోజూ సాయంత్రం నాలుగింటికి గంట మోగేది, నేను చేతులు కడుక్కుని మగవాళ్ళ ముందుగదిలోకి పోయేదాన్ని. ఆ గదిలో ఏసీ ఉండేది. నాకు కూర్చోడానికి కుర్చీ వేయించారు. ఆ కుర్చీ గురించి మామా ఒక వారం ఆయనతో మాట్లాడలేదు. ఆయన నన్ను బింతీ, నా బిడ్డా, అని పిలిచేవారు. గొంతు పెంచేవారు కాదు. తప్పు చదివితే ఆ మాటను తనే మెల్లగా పలికి ఆగేవారు. రెండు గంటలు నేను పనిమనిషిని కాదు. ఆ రెండు గంటల కోసం ఏమైనా చేసి ఉండేదాన్నని అప్పుడు నాకు తెలియదు.

ఆయనకు ఒకటే పట్టు, ఒక్క దేవుడనే మాట ఎలా పుట్టిందని. "ఈ ప్రాంతమంతా ఆ మాటకు వారసులం. యూదుల దగ్గర మొదలైంది. కానీ వాళ్ళకూ అది ఒక్కరోజులో రాలేదు బింతీ, చాలా దెబ్బలు తిన్నాక వచ్చింది," అనేవారు. నేను చదివిన పేజీల్లో ఆ మొదటి కాలపు జనం మా ఊరివాళ్ళలాగే కనిపించారు. యహోవా మా దేవుడు అనేవాళ్ళు కానీ ఇంకే దేవుడూ లేడనేవాళ్ళు కాదు. పక్క జాతికి పక్క జాతి దేవుడు. వానకొకడు, పంటకొకడు. ఎడారిలో దొరికిన పాత కుండ మీద యహోవా పేరుతోపాటు అషేరా అనే దేవత పేరు కూడా రాసుందట, ఆమె ఆయన భార్యేమోనని పండితులు వాదించుకుంటారట. ఇళ్ళ తవ్వకాల్లో రొమ్ములు చేతులతో పట్టుకున్న చిన్న చిన్న మట్టి ఆడబొమ్మలు దొరికాయట. వాటిలో చాలా వాటికి తలలు విరిగి ఉన్నాయట. తర్వాత, మన దేవుణ్ణి తప్ప ఇంకెవరినీ కొలవకూడదన్నవాళ్ళు వచ్చారు. అప్పటికి మిగతా దేవుళ్ళు లేరని కాదు, ఉన్నా మొక్కకూడదని. ఒక రాజు గుడిలోంచి అషేరాను బయటికి ఈడ్పించి, తగలబెట్టించి, పొడి చేయించాడని చదివిన రోజు బాబా నన్ను ఆపి, ఆ పేజీ మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, పాట విన్నట్టు.

సుబ్బమ్మక్క దేవుళ్ళు పాలపొడి డబ్బాలో ఉండేవాళ్ళు. బట్టలుతికే గదిలో, మెషీన్ వెనకాల, పాత తువ్వాలు చుట్టి పెట్టేది. శుక్రవారం మగవాళ్ళు నమాజుకు పోయి, మామా పడకగదిలో ఉన్న వేళ తీసేది. వేలెడంత మట్టి గంగమ్మ, వాళ్ళమ్మ జాతరలో కొనిచ్చింది. మడతలు పడిన వెంకన్న పటం, వినాయకుడి కింద పెట్టుకున్న వక్క, కడప దర్గాలో కట్టిన నల్లదారం, ముందు పనిచేసిన ఫిలిప్పీన్స్ పిల్ల ఇచ్చిపోయిన శిలువ. హాల్లో ఆరిపోయిన బుఖూర్ ముక్క తెచ్చి అందరికీ కలిపి ఒకే పొగ వేసేది. ఇంతమంది ఎందుకక్కా అంటే, "ఒకరు అలిగితే ఇంకొకరు మాట్లాడతారు మే. ఇండ్లల్లో మాత్రం అట్ల కాదా?" అంది. ఆ డబ్బా సంగతి ఆమెకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఒక సాయంత్రం చదువుతుండగా పాత కథ ఒకటి వచ్చింది. వాళ్ళ మూలపురుషుడి భార్య ఒకామె మొగుడితో పుట్టిల్లు విడిచిపోతూ తండ్రి ఇంటి దేవుళ్ళను దొంగిలిస్తుంది. తండ్రి వెంటబడి వచ్చి గుడారాలన్నీ వెతుకుతాడు. ఆమె దేవుళ్ళను ఒంటె జీనులో దాచి పైన కూర్చుని, బయట చేరాను, లేవలేను నాన్నా అంటుంది. బాబా పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒక్క దేవుడి జాతికి తల్లి ఆమె. చూడు, దేవుళ్ళ మీద ఎలా కూర్చుందో!" అన్నారు. ఆ నవ్వులో నాకూ వాటా కావాలనిపించింది. ఆయనంత తెలివైన మాట నేనూ ఒకటి అనాలనిపించింది. "అలాంటి ఆమె మన వంటింట్లో కూడా ఉంది బాబా," అన్నాను. ఆయన ముఖం నా వైపు తిప్పారు. ఏమేమి ఉన్నాయి, ఎక్కడ పెడుతుంది, ఏ రోజు తీస్తుంది అని ఒక్కొక్కటీ గురువులా అడిగారు. అన్నీ చెప్పాను. "తెలివైనదానివి. పుస్తకంలో ఉన్నది బయట గుర్తుపట్టావు," అన్నారు. నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి, అక్క పెట్టిన అన్నం అక్క ఎదురుగానే కూర్చుని తిన్నాను.

ఆయన కుట్రతో చెప్పలేదు. శుక్రవారం భోజనాల దగ్గర కొడుకులకు ముచ్చటగా చెప్పారు, అంతే. కానీ అదే వారం మనవడికి జ్వరం పట్టుకుని దిగకుండా ఉంది. దారం, వక్క, మట్టిబొమ్మ అనే మాటలు మామా చెవిలో పడ్డాయి. మర్నాడు పొద్దున మా గదిలో పరుపులు తిరగేసింది. నా పెట్టెలో బట్టలు నేలమీద పోసింది. అక్కడినుంచి బట్టలుతికే గదికి నడిచింది. సుబ్బమ్మక్కకు ముందే అర్థమైంది. మేము వెళ్ళేసరికి బోర్లించిన టబ్బు మీద కూర్చుని ఉంది, పొడవాటి గౌను అంచులు నేలదాకా పరిచి.

"లే," అంది మామా.

"కాళ్ళు పట్టేసినాయి మామా. లెయ్యలేకుండా ఉండా," అంది అక్క, సగం అరబ్బీలో, సగం మా భాషలో.

గోడ పట్టుకుని బాబా కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగింది. నేను చూశాను. రెండురోజుల కిందట మేమిద్దరం చదివిన కథ, ఇప్పుడు తన ఇంట్లో, తన చెవులతో వింటున్నారు. మామా నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు. నిజంగానే కాళ్ళ నొప్పా?" అంది. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుగింటి గంట గుర్తొచ్చింది, కుర్చీ గుర్తొచ్చింది. "నాకు తెలీదు మామా," అన్నాను, అంటూ గౌను అంచు వైపు చూశాను. అక్క తల వంచుకుని ఉంది. నా చూపు ఆమె చూడలేదు. మామా చూసింది.

మామా అక్కను పక్కకు లాగి టబ్బును తోసేసరికి, కింద దాచిన డబ్బా దొర్లి మూత ఊడింది. అన్నీ నేలమీద పడ్డాయి. మామా "సిహర్! చేతబడి!" అని అరిచి, నిజంగా భయపడి, గోడకు ఆనుకుపోయింది. పోలీసులను పిలవమంది. అప్పుడు బాబా చేయి ఎత్తారు. "చేతబడి కాదు. వట్టి బొమ్మ. పగలగొడితే అయిపోతుంది, ఆమె పని ఆమె చేసుకుంటుంది," అన్నారు. ఆమెను కాపాడాననే అనుకున్నారు, చివరిదాకా అలాగే అనుకుని ఉంటారు. వంటింట్లోంచి యాలకులు దంచే ఇత్తడి రోలు తెప్పించారు. సుబ్బమ్మక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చేతులు తెగనరకండి. నేను కొట్టను."

"అయితే నువ్వు కొట్టు బింతీ," అన్నారు బాబా ఎంతో నెమ్మదిగా. "పోలీసులకంటే ఇది నయం కదా."

కొట్టాను. మొదటి దెబ్బకు గంగమ్మ నడుము దగ్గర రెండు ముక్కలైంది. చాలనుకుని రోకలి కింద పెట్టాను. "పొడి అయ్యేదాకా," అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. ఆ రాజు అలాగే చేయించాడు, ఆ పేజీ నేనే రెండుసార్లు చదివాను. దంచుతున్నంతసేపూ నేను ఏడ్చాను. ఆయన వంగి ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసి తల ఊపారు. దాన్ని సింకులో పోసి నీళ్ళు వదిలాను. మిగతావి మామా చెత్త సంచిలో వేయించింది. గంట తిరక్కుండానే సుబ్బమ్మక్కను ఏజెంటు ఆఫీసుకు పంపేసింది. బాబా మాట చెల్లలేదు, చెల్లించుకోవాలని ఆయనా పట్టుబట్టలేదు. పోతూ పోతూ అక్క నా చెంపలు తుడిచింది. "ఏడవాక మే. నీతో బలవంతంగా చేయించినారు, నేను చూస్తి కదా," అంది. డాక్టరు మందు మార్చాడు, మర్నాడు పిల్లాడి జ్వరం దిగింది. అది చేతబడేనని ఇక మామాకు అనుమానమే లేకుండా పోయింది.

ఆ మర్నాడు సాయంత్రం నాలుగింటికి గంట మోగింది. వెళ్ళాను. కూర్చున్నాను. చదివాను. ఇది రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. తర్వాత భాగం బాబిలోను చెర గురించి. అది ఇక్కడికి దూరం కూడా కాదు, సరిహద్దు దాటి ఉత్తరానికి పోతే ఒక్కరోజు ప్రయాణం. శత్రువులు వాళ్ళ గుడి కాల్చి, జనాన్ని అక్కడికి ఈడ్చుకుపోయారు. ఏ జాతి అయినా మా దేవుడు ఓడిపోయాడు అనుకునేది. వీళ్ళు అలా అనుకోలేదు. మా తప్పుకు మా దేవుడే శిక్ష వేశాడు, శత్రువు చేతిలో కర్ర పెట్టింది కూడా ఆయనే అన్నారు. శత్రువు చేయి కూడా ఆయనదే అయితే ఇంకో దేవుడికి చోటెక్కడ? మిగతావన్నీ కట్టే, రాయే. అదిగో, అక్కడ పుట్టింది ఒక్కడే అనే మాట. "గెలిచినవాళ్ళకు ఇంత పెద్ద దేవుడి అవసరం రాదు. ఓడినవాళ్ళకు తమ ఏడుపుకు ఒక అర్థం కావాలి," అన్నారు బాబా. ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పారిపోయిన ఆడవాళ్ళు కొందరు ప్రవక్తకు ఎదురుచెప్పిన చోటు కూడా వచ్చింది. ఆకాశరాణికి రొట్టెలు చేసి పెట్టినన్నాళ్ళూ కడుపునిండా తిన్నాం, మానేశాకే ఇలా అయ్యాం అన్నారట వాళ్ళు. అది చదివేటప్పుడు ఒక మాట తప్పు చదివాను. బాబా ఆ మాటను మెల్లగా సరిచేసి, కానివ్వమన్నారు. ఇంకో నాలుగేళ్ళు ఆ ఇంట్లో చదివాను. ఆ చదువు నాకు ఇష్టంగానే ఉండింది.

సుబ్బమ్మక్క మళ్ళీ నాకు కనిపించేసరికి ఆరేళ్ళు గడిచాయి. షర్క్ చేపల మార్కెట్లో కొత్త మామా వెనకాల సంచులు మోస్తూ కనిపించింది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, అరచేయంత. అది మధ్యలో పనిచేసిన ఇంటి గుర్తు. అప్పటికే ఊళ్ళో కొడుకు బావిలో పడి పోయాడు. చివరిచూపుకు సెలవివ్వలేదు. ఇవన్నీ చెప్పి, నా ముఖం చూసి, నన్నే ఓదార్చింది. "గంగమ్మ కోపం మే ఇది. కువైట్‌కు పోతే చీరె పెడతానని మొక్కుకుంటి. తొలి సెలవుకు పోయి కూడా పెట్టకపోతి. అందుకే ఆయమ్మే తన బొమ్మను తానే పగలగొట్టించుకునింది. నీ చేయి ఆయమ్మ చేయే. నీ తప్పేం లేదు." వెంకన్నను, వక్కను, దారాన్ని మళ్ళీ పెట్టుకోలేదట. "కొట్టేదీ ఆయమ్మే, పెట్టేదీ ఆయమ్మే. ఇంకెవురున్నారు మే నాకు?" అంది. నేను చదివినది ఆమె నోట వింటున్నాను. ఒక్క పేజీ చదవకుండా, బాబిలోను పేరు తెలియకుండా, అక్కడికే చేరింది. మధ్యలో ఉన్న నా నాలుకను మాత్రం ఆమె ఎరగదు. ఆ రోజు నోరు విప్పలేదు. ఆమె ఇచ్చిన క్షమాపణ తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైన అలాగే గడిపాను.

ఇప్పుడు మా గదిలో పిల్లల దేవుళ్ళు ఫోన్లలో ఉంటారు. సరస్వతి పొద్దున్నే తెర మీద దీపం వెలిగించి, గంట కొట్టి, దుప్పటి మడుస్తుంది. వాటిని ఎవరూ రోట్లో వేయలేరు. మా కాలంలో అలా ఉంటే అక్క బతుకు వేరుగా ఉండేదా అని ఆలోచించాను. ఉండేది కాదు. డబ్బాను పట్టిచ్చింది వాసన చూసే మామా కాదు, కథ విని నవ్విన బాబా కాదు. తెలివైనదానివి అనిపించుకోవాలని ఉన్న పిల్ల ఒకతి పక్కనే ఉంది. అలాంటి పిల్లలు ఇప్పుడూ ఉన్నారు. అట్టపెట్టెలు మంచం కిందకు తోసి రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడో రోజు, సుబ్బమ్మక్క ఖలాస్ చేసుకుని శాశ్వతంగా ఊరికి పోతోందని, పక్క వీధిలో మేనకోడలి గదిలో దిగిందని తెలిసింది. చెప్పాలంటే ఇదే ఆఖరు.

సూట్‌కేసు నేలమీద తెరిచి పెట్టుకుని కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, సగం పళ్ళు లేవు, నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. "రా రమణమ్మా, కూకో. ఇది చూడు ముందు," అని బట్టల మధ్యనుంచి ఒక పట్టుచీర తీసింది. పసుపు మీద ఎర్ర అంచు. "ఆయమ్మకే. బస్సు దిగినాక నేరుగా గుడికే పోతా. చీరె పెట్టి, తప్పయిందని అడుక్కుంటా. ముప్పై ఏండ్లు అడుక్కుంటానే ఉండా కదా, ఈసారి ఎదురుగా నిలబడి అడుగుతా."

నేను చెప్పాను. కుర్చీ గురించి, కథ గురించి, తెలివైనదానివి అన్న మాట గురించి, గౌను అంచు వైపు చూసిన చూపు గురించి. ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె చేయి చీర మీద మెల్లగా రాస్తూనే ఉంది. నేను ఆపేశాక కూడా కాసేపు రాసింది.

"అయితే ఆయమ్మకు నామీద కోపమే లేదా?" అంది.

ఆమె చేయి చీర మీద ఆగింది.

"నా బిడ్డ పోయింది కూడా... వూరికేనా?"

"నన్ను క్షమించక్కా," అన్నాను.

"నువ్వు చెప్పకుండా పోయింటే అయిపోయేది కదా మే. ఆయమ్మ కోపం అనుకొని ఎట్లనో బతికితి. ఇప్పుడు నీ నోటి దురదంటే, దేన్ని పట్టుకొని బతకల్ల?" గొంతులో కోపం లేదు. తెలియని విషయం అడిగినట్టు అడిగింది. తర్వాత చీరను మడతలు చెదరకుండా ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. నేను వెనక్కి ఇవ్వబోతే నా చేతులను గట్టిగా పట్టి ఆపింది.

"నువ్వే పెట్టుకో. ముప్పై ఏండ్లు నేను మొక్కింది నీకే కదా," అంది. సూట్‌కేసు మూసి, జిప్పు లాక్కుని, మేనకోడలిని కేకేసింది టీ పెట్టమని, తన ఒక్కదానికే.